మ్యూజియంలో రోమన్ పాటెరాను గుర్తుపట్టడం ఎలా? పిడి, బొడ్డు, చెయ్యి చూడండి

ఇటలీకో ఇంగ్లండ్‌కో వెళ్లొచ్చినవాళ్లు నాకు పంపే ఫోటోల్లో తరచూ ఒకే ప్రశ్న ఉంటుంది. రెండు ఫోటోలు పక్కపక్కన పెడతారు. ఒకదాంట్లో పిడి లేని వెడల్పాటి పళ్లెం, రెండోదాంట్లో పొడుగు పిడి ఉన్న పాలగిన్నెలాంటిది. చూస్తే ఎక్కడా పోలిక లేదు, కానీ రెండింటి పక్కనా చీటీ మీద మాత్రం ఒకటే పేరు, పాటెరా. "ఏది కరెక్టండీ, మ్యూజియంవాళ్లు పొరబడ్డారా?" అని అడుగుతారు. విడివిడిగా జవాబులు రాసి రాసి, ఇక ఒకేచోట పద్ధతిగా రాద్దామని కూర్చున్నాను. ఇది చదివి వెళితే గాజు పెట్టె ముందు నిలబడి పది నిమిషాల్లో మీరే తేల్చుకోగలరు.

అవసరమైనంత వరకే నేపథ్యం చెబుతాను. పాటెరా అంటే రోమన్లు దేవతలకు ద్రవం ధారపోయడానికి వాడిన వెడల్పాటి, లోతు లేని పాత్ర. ఎక్కువగా ద్రాక్షసారా, కొన్ని పూజల్లో పాలు, తేనె. 'తెరుచుకుని ఉండేది' అన్న అర్థం వచ్చే లాటిన్ మాట నుంచి ఆ పేరు వచ్చిందని రోమన్ పండితుడు వర్రో రాశాడు. గ్రీకుల దగ్గర ఇదే పాత్ర పేరు ఫియాలే. మట్టివి, కంచువి, వెండివి, బంగారువి అన్నీ ఉన్నాయి, కానీ మీకు మ్యూజియంలో ఎక్కువగా కనబడేది కంచే. థియరీ ఇంత చాలు.

కావలసినవి

జూమ్ బాగా ఉన్న ఫోన్. ఫ్లాష్ ఆఫ్ చేసి పెట్టుకోండి, చాలా మ్యూజియాల్లో ఫ్లాష్ వేయనివ్వరు, వేయనిచ్చినా గాజు మీద తెల్లటి మచ్చ తప్ప ఏమీ రాదు. చిన్న నోట్‌బుక్కు, పెన్సిలు. పెన్ను వద్దంటున్నాను, ఎందుకంటే కొన్ని స్టడీ గదుల్లో పెన్ను లోపలికి రానివ్వరు. ఇంట్లో ఒక స్కేలు. ఇంట్లోనే ప్రాక్టీసుకి ఒక అంచున్న పళ్లెం, ఒక పిడి ఉన్న గిన్నె, ఒక ఖాళీ గాజు సీసా.

మ్యూజియంకి వెళ్లే వీలు లేకపోతే బెంగ వద్దు. బ్రిటిష్ మ్యూజియంలాంటి పెద్ద సంస్థల సేకరణలు ఫోటోలతో, కొలతలతో ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. పైగా ఆన్‌లైన్‌లో ఒక లాభం ఉంది, గాజు పెట్టెలో కనబడని అడుగుభాగం ఫోటో కూడా చాలాసార్లు దొరుకుతుంది.

1. బయల్దేరే ముందు ఇంట్లో పది నిమిషాలు నీళ్లతో చేసి చూడండి

దీన్ని దాటేయకండి. పుస్తకం చదివితే రాని సంగతి చేతికి తెలుస్తుంది.

సింకు దగ్గర నిలబడి పళ్లెంలో సగం వరకు నీళ్లు పోయండి. కుడిచేత్తో పట్టుకోండి, బొటనవేలు అంచు మీద, మిగతా నాలుగు వేళ్లు పళ్లెం కింద. ఇప్పుడు మీకు అవతలి వైపుకి మెల్లగా వంచండి. నీళ్లు సన్నటి ధారగా రావు, అంచు పొడుగునా పల్చటి పొరలా జారతాయి. బలిపీఠం మీద నిప్పులో పోయడానికి అది సరిపోతుంది, గ్లాసులోకి వంచడానికి మాత్రం ఏమాత్రం పనికిరాదు. రెండో సంగతి, తడి వేళ్ల మీద పళ్లెం అటూ ఇటూ జారుతుంది. కింద దేన్నైనా పట్టుకోవాలని వేళ్లు వెతుక్కుంటాయి.

ఇప్పుడు గాజు సీసా తీసుకుని బోర్లించి దాని అడుగు చూడండి. కొన్ని సీసాల అడుగు లోపలికి గుంటలా నొక్కి ఉంటుంది, అందులోకి వేలు పెట్టి సీసాను ఎత్తండి. పట్టు ఎంత గట్టిగా దొరికిందో చూశారా? పిడి లేని పాటెరా మధ్యలో ఉండే బొడిపె పని సరిగ్గా ఇదే. పైనుంచి చూస్తే నడిమధ్యలో ఉబ్బెత్తుగా, కింద నుంచి చూస్తే గుంటగా ఉంటుంది, వేలికొస అక్కడ కూర్చుంటుంది. గ్రీకువాళ్లు దాన్ని ఓంఫలోస్ అన్నారు, అంటే బొడ్డు అని అర్థం.

చివరగా పిడి గిన్నెలో నీళ్లు పోసి వంచండి. మణికట్టు తిప్పితే చాలు, నీళ్లు ఎక్కడ కావాలంటే అక్కడ పడతాయి. అదే మీరు స్నానానికి, వంటకి, చేతులు కడగడానికి వాడే కదలిక.

ఈ రెండు కదలికలూ గుర్తుంచుకోండి. నా దృష్టిలో పాటెరాను తేల్చేది చీటీ మీది పేరు కాదు, దాన్ని పట్టుకున్న చెయ్యి.

2. చీటీ చదవండి, కానీ పేరు దగ్గరే ఆగిపోకండి

పేరు కన్నా ముందు నాలుగు సంగతులు రాసుకోండి: ఎక్కడ దొరికింది, ఏ కాలం, ఏ లోహం, వెడల్పు ఎంత. వస్తువు నంబరు కూడా రాసుకుంటే ఇంటికొచ్చాక ఆన్‌లైన్‌లో వెతకడం సులువు.

పేరు విషయంలో గందరగోళం ఎందుకొస్తుందంటే, పాటెరా అన్న మాట రెండు రకాలుగా వాడుకలో ఉంది. రోమన్ల పూజ దృశ్యాల్లో కనిపించేది పిడి లేని పళ్లెం. అయితే పురావస్తు శాస్త్రవేత్తలు పిడి ఉన్న లోతులేని కంచు గిన్నెలను కూడా చాలాకాలంగా పాటెరా అనే రాస్తూ వస్తున్నారు. అంచేత మీరు పంపిన రెండు ఫోటోలకీ మ్యూజియంవాళ్లు రాసింది తప్పేం కాదు. ఒకటి ఆనాటి వాడుక, ఇంకోటి ఈనాటి వర్గీకరణ. అక్కడ ఉన్న గైడుతో వాదించొద్దు, దానివల్ల ఏమీ తేలదు.

3. పిడి చూడండి

ఇక్కడే సగం పని అయిపోతుంది. మూడు సందర్భాలుంటాయి.

పిడి లేదు, ఉండిన గుర్తూ లేదు: ఇది అసలైన పళ్లెం రకం. నాలుగో మెట్టుకి వెళ్లండి. అయితే ఒక హెచ్చరిక. పిడి విరిగి పోయినవి బోలెడు ఉంటాయి, అంచు చుట్టూ ఒకసారి జాగ్రత్తగా చూడండి. ఒకచోట అతుకు మచ్చ, రంగు తేడా, లేదా అక్కడ మాత్రమే అంచు మందం మారడం కనిపిస్తే అది ఒకప్పుడు పిడి ఉన్నదే.

గుండ్రటి, గాడులు గీసిన పిడి, చివర పొట్టేలు తల: చాలా అందంగా ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. కొమ్ములు మెలితిరిగి బుగ్గల పక్కకి వచ్చి ఉంటాయి, బొచ్చు ముంగురులు ఒక్కొక్కటిగా చెక్కి ఉంటాయి. గిన్నె వెడల్పుగా, లోతు తక్కువగా ఉంటుంది. పూజలోనో, భోజనానికి ముందో చేతులు కడుక్కోవడానికి ఒక కూజాతో జతగా ఇలాంటివి వాడారని పరిశోధకులు చాలామంది అంటారు. కూజాతో నీళ్లు పోస్తుంటే కింద ఈ గిన్నె పట్టడమన్నమాట.

బల్లపరుపు పిడి, చివర గుండ్రటి బిళ్లలా వెడల్పై మధ్యలో కన్నం: దీన్ని ట్రుల్లా అంటారు, గోడకి తగిలించుకునే గిన్నె. లోతుగా ఉంటుంది. వంటింట్లో, సైనికుల సామాన్లలో, భోజనాల దగ్గర ద్రాక్షసారా తోడటానికి వాడారు. పిడి మీద ముద్ర ఉందేమో జూమ్ చేసి వెతకండి. పూబ్లియస్ సిపియస్ పోలిబియస్ అనే తయారీదారు ముద్ర ఉన్న గిన్నెలు ఇటలీలోని పాంపే దగ్గర్నుంచి బ్రిటన్ దాకా, సామ్రాజ్యం ఎల్లలు దాటి ఉత్తర ఐరోపాలో కూడా దొరికాయి. రెండువేల ఏళ్ల కిందటి ఒక కంచు పనివాడి పేరు పిడి మీద వేలెడంత జాగాలో ఇప్పటికీ చదవగలగడం నాకు ప్రతిసారీ ఒళ్లు జలదరించే అనుభవం. తొందరపడకుండా అక్కడ ఒక నిమిషం నిలబడండి.

ట్రుల్లా అయినంత మాత్రాన పూజకి సంబంధం లేదని మాత్రం కొట్టిపారేయకండి. ఇంగ్లండ్‌లోని బాత్ ఊళ్లో వేడినీటి ఊట ఉంది, అక్కడి దేవత సులిస్ మినర్వా. ఆ ఊటలో భక్తులు వేసిన పిడి గిన్నెలు తవ్వకాల్లో బయటపడ్డాయి, వెండివి, తగరం సీసం కలిపిన లోహంవి, కొన్నింటి మీద ఆ దేవతకు సమర్పించినట్టు పొడి అక్షరాల్లో రాసి కూడా ఉంది. వంటింటి ఆకారమే, గుడికి ఇచ్చాక గుడి సొమ్మైంది. కాబట్టి ఆకారం ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి, రాత ఉందా, ఎక్కడ దొరికింది అన్నవి కూడా చూడాలి.

4. లోతు కొలవండి

కంటి అంచనా మోసం చేస్తుంది, ఎందుకంటే గాజు పెట్టెలో వస్తువును పైనుంచి వాలుగా చూస్తాం. మోకాళ్లు వంచి, మీ కన్ను పాత్ర అంచుకి సమానంగా వచ్చేదాకా కిందికి దిగండి. అంచు గుండ్రంగా కాక ఒకే గీతలా కనబడాలి, అప్పుడు ఫోటో తీయండి. ఇంటికొచ్చాక ఆ ఫోటోలో వెడల్పు, ఎత్తు స్కేలుతో కొలిచి, ఎత్తును వెడల్పుతో భాగించండి. చీటీ మీద అసలు కొలతలు ఉంటే ఇంకా మంచిది.

నేను వాడే మోటు లెక్క ఇది: ఎత్తు వెడల్పులో నాలుగోవంతు కన్నా తక్కువైతే పాటెరా ఆకారం, సగం దాకా వస్తే అది గిన్నెకో కప్పుకో దగ్గర. మధ్యలో ఉంటే మిగతా ఆనవాళ్లు చూసి తేల్చాలి.

ఒకటి చేసి చూపిస్తాను. 2003లో ఇంగ్లండ్‌లోని ఇలాం దగ్గర లోహాలు వెతికే యంత్రంతో ఒకరికి ఒక చిన్న కంచు పాత్ర దొరికింది. చుట్టూ ఎరుపు, నీలం, ఆకుపచ్చ రంగుల మీనాకారీ పని, అంచు కింద, ఉత్తర ఇంగ్లండ్‌లో రోమన్లు కట్టిన హేడ్రియన్ గోడ మీది నాలుగు కోటల పేర్లు రాసి ఉన్నాయి. మూతి వెడల్పు దాదాపు 9 సెంటీమీటర్లు, ఎత్తు దాదాపు 4.7. భాగిస్తే సగం దాటింది. అంటే మన లెక్కలో అది పళ్లెం కాదు, గిన్నె. పిడి, అడుగు రెండూ పోయాయి. దీన్ని ఒకచోట ప్యాన్ అని, ఒకచోట ట్రుల్లా అని, ఒకచోట పాటెరా అని రాస్తారు. అదే కోవకి చెందిన, ఫ్రాన్స్‌లో 1949లో దొరికిన పాత్ర పేరు అయితే ఏకంగా అమియాన్ పాటెరా అని స్థిరపడిపోయింది. పేరు ఒకటి, ఆకారం ఒకటి. ఈ తేడా నోట్‌బుక్కులో రాసుకోవడం అలవాటు చేసుకుంటే మీకు ఇక కన్‌ఫ్యూజన్ ఉండదు.

5. నడిబొడ్డు చూడండి

పైనుంచి చూడండి. మధ్యలో మూడు రకాల్లో ఏదో ఒకటి కనిపిస్తుంది.

ఉబ్బెత్తు బొడిపె ఉంటే పాటెరా అనడానికి గట్టి ఆధారం. వీలైతే కింద కూడా చూడాలి, కొన్ని మ్యూజియాల్లో అడుగు కనబడేలా అద్దం పెడతారు. కింద గుంట ఉండాలి. పైన బొడిపె ఉండి కింద చదునుగా ఉంటే అది పట్టుకోవడానికి కాదు, అలంకారానికి చేసింది.

బొమ్మ ఉన్న గుండ్రటి బిళ్ల ఉంటే అది ఖరీదైన రకం. దీనికి అందరికన్నా పెద్ద ఉదాహరణ ఫ్రాన్స్‌లోని రెన్‌లో 1774లో దొరికిన బంగారు పాటెరా. 25 సెంటీమీటర్ల వెడల్పు, 1.3 కిలోల బరువు. మధ్యలో ద్రాక్షసారా దేవుడు బాకస్, వీరుడు హెర్క్యులిస్ తాగుడు పందెం వేసుకుంటున్న దృశ్యం, చుట్టూ పదహారు బంగారు నాణేలు పొదిగి ఉన్నాయి. ప్యారిస్‌లో జాతీయ గ్రంథాలయం నాణేల విభాగంలో ఉంది, వెళ్లగలిగితే తప్పకుండా చూడండి.

సన్నటి వృత్తాలు, నట్టనడుమ చిన్న చుక్క ఉంటే అది లేత్ మీద తిప్పి నునుపు చేసిన గుర్తు. పోతపోశాక తిప్పి చెక్కేవారు. ట్రుల్లాల అడుగున ఈ వృత్తాలు లోతుగా, మెట్లుమెట్లుగా ఉంటాయి. చాలామంది ఆ చుక్కనే బొడ్డు అనుకుంటారు. కాదు. బొడ్డులో వేలికొస పట్టాలి, చుక్కలో పెన్సిలు మొన మాత్రమే పడుతుంది.

6. రంగును నమ్మకండి

"పచ్చగా ఉంది, కాబట్టి పాతది" అని మెసేజ్ పెట్టేవాళ్లు చాలామంది. చిలుము పట్టడానికి రెండువేల ఏళ్లు అక్కర్లేదు, మందులతో కొద్ది రోజుల్లో పట్టించవచ్చు. నేపుల్స్‌లో పందొమ్మిదో శతాబ్దంలోనే పాంపే కంచు వస్తువుల నకళ్లు పాత రంగుతో సహా చేసి యాత్రికులకు అమ్మేవారు. అవి నకళ్లని చెప్పే అమ్మారు, కానీ చేతులు మారాక ఆ సంగతి చెప్పేవాళ్లు ఉండరు.

ఇంకోటి, కొత్తప్పుడు కంచు పచ్చగా ఉండదు, బంగారు ఛాయలో మెరిసేది. మనింట్లో తోమిన కంచు చెంబును ఊహించుకోండి, గుడి ముందు పొద్దుటి ఎండలో పాటెరా అలా ఉండేది. చాలా గిన్నెల లోపలివైపు బూడిదతెలుపు పొర కనిపిస్తుంది. అది వెండి కాదు, కళాయి. మన కళాయివాళ్లు గిన్నెలకి తగరం పూత వేసినట్టే రోమన్లూ వేశారు, కారణమూ అదే, రాగి కలిసిన లోహం పులుపుకి కిలం ఎక్కకుండా.

చిలుములో లేత ఆకుపచ్చ పొడి మచ్చలు, ముట్టుకుంటే రాలేలా ఉన్నవి కనబడితే అది వేరే సంగతి. కంచులో చేరిన క్లోరైడు గాలిలోని తేమతో కలిసి లోహాన్ని తినేస్తోందన్నమాట. మీ ఇంట్లో ఏదైనా పాత కంచు సామాను ఇలా ఉంటే చింతపండు, నిమ్మకాయ పెట్టి తోమకండి. రోజూ వాడే చెంబుకి తోముడు మంచిదే, పాత వస్తువుకి మాత్రం పైపొరతో పాటు చెక్కడం, రాత, పనిముట్ల గీతలు అన్నీ పోతాయి. పొడిచోట, వేరే డబ్బాలో పెట్టి తెలిసినవాళ్లకి చూపించండి.

7. పక్కన కూజా ఉందేమో చూడండి

పాటెరా ఒంటరిగా ఉండే వస్తువు కాదు. రోమన్ బలిపీఠాల పక్కలు చూస్తే ఒకవైపు పళ్లెం, ఇంకోవైపు కూజా చెక్కి ఉండటం ఎన్నిసార్లో. కూజాలోంచి పళ్లెంలోకి వంచుకుని, పళ్లెంలోంచి నిప్పులోకి పోయడం వరస. సమాధుల్లో కూడా ఇవి జతగా దొరుకుతాయి. అందుకని ఒకే తవ్వకంలో దొరికిన వస్తువులను ఒకే అరలో పెట్టి ఉంటే, మీ పళ్లెం పక్కన కూజా ఉందా లేదా అని చూడండి. ఉంటే మీ అంచనాకి బలం.

8. బొమ్మల్లో చేతిని వెతకండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైన మెట్టు ఇది, కాస్త ఎక్కువ చెబుతాను. పాత్ర ఒక్కటీ గాజు పెట్టెలో ఉంటే మూగది. దాన్ని పట్టుకున్న మనిషి కనబడితే మాట్లాడుతుంది.

పాంపేకి వెళితే ఫోరం (ఊరి నడిమి చౌకు) పక్కన చక్రవర్తి పూజకి కట్టిన చిన్న గుడి ముంగిట్లో పాలరాతి బలిపీఠం ఉంది. ముందువైపు దృశ్యం చూడండి. పూజ చేసే పెద్దమనిషి టోగా (రోమన్లు ఒంటికి చుట్టుకునే వస్త్రం) కొంగును తలమీద కప్పుకుని, ముక్కాలి పీఠం మీదికి కుడిచేత్తో పళ్లెం వంచుతుంటాడు. అటువైపు ఎద్దును తోలుకొస్తుంటారు, వెనక పిల్లనగ్రోవి వాయించేవాడు. ఒక్క క్షణం ఆ చేతి వేళ్లు చూడండి, మీరు సింకు దగ్గర పట్టుకున్న పట్టే. పక్కలకి తిరిగితే పూజ సామాన్లు విడిగా చెక్కి ఉంటాయి. అదే ఊళ్లో వెట్టీల ఇంట్లో గోడ మీద ఇంటి దేవుళ్ల గూడు ఉంది, మధ్యలో నిలబడ్డ ఇంటిపెద్ద ఆత్మమూర్తి (లాటిన్‌లో జీనియస్, మనిషిని కాపాడే దైవం) చేతిలో పాటెరా, ధూపం పెట్టె, కింద పెద్ద పాము.

రోమ్‌లో అయితే క్రీ.పూ. 9లో ప్రతిష్ఠించిన ఆరా పాచిస్ అనే శాంతి బలిపీఠం ఆవరణ లోపలి గోడలు చూడండి. ఎద్దు పుర్రెల మధ్య పండ్ల తోరణాలు వేలాడుతుంటాయి, ప్రతి తోరణం పైన ఒక్కో పాటెరా. ఇక్కడ చాలామంది పొరబడతారు, అవి పూల చక్రాలనో డాళ్లనో అనుకుంటారు. నడిబొడ్డు చూడండి, తెలిసిపోతుంది.

నాణేల మీద ఇంకా కష్టం, ఎందుకంటే అక్కడ పళ్లెం పక్కనుంచి కనబడుతుంది, చేతిలో చిన్న అడ్డగీతలా లేదా చిన్న గిన్నెలా. ఈ క్రమంలో చూడండి:

మూర్తి కుడిచెయ్యి ముందుకి చాచి ఉందా? అరచెయ్యి పైకి ఉందా? చేతి కింద బలిపీఠం గానీ నిప్పు గానీ పాము గానీ ఉందా? ఈ మూడింటిలో రెండింటికి అవునంటే దాదాపు పాటెరాయే. గుండ్రంగా, బంతిలా ఉంటే అది భూగోళం, రాజ్యాధికారానికి గుర్తు.

పాము విషయంలో మనవాళ్లకి ఒక పొరపాటు సహజంగా వస్తుంది. ఆరోగ్యదేవత సాలూస్ పాటెరాతో పాముకి ఆహారం పెడుతున్న నాణెం చూడగానే పుట్టలో పాలు పోయడం గుర్తొస్తుంది. పోలిక బాగుంది, కానీ అది నాగపూజ అని రాసుకోకండి. ఆ పాము వైద్యదేవుడు ఈస్కులేపియస్‌ది.

మొదటిసారి చూసేవాళ్లకి నేను చెప్పే నాణెం, క్రీ.శ. 294 ప్రాంతంలో చక్రవర్తి డయోక్లీషియన్ మొదలుపెట్టిన పెద్ద రాగి నాణెం. వెనకవైపు రోమన్ ప్రజల ఆత్మమూర్తి నిలబడి ఉంటుంది, ఎడమచేతిలో పండ్లు నిండిన కొమ్ము, కుడిచేతిలో పాటెరా. చాలా సాధారణమైన నాణెం, దాదాపు ప్రతి సేకరణలోనూ దొరుకుతుంది, బొమ్మ కూడా పెద్దది.

రెండోది నీరో యువరాజుగా ఉన్నప్పటి వెండి నాణెం. దాని వెనక మనిషే లేడు, పూజ సామాన్లు నాలుగు మాత్రమే: ముక్కాలి పీఠం మీద గరిట, పాటెరా మీద వంకర కర్ర. నాలుగు పెద్ద పూజారి సంఘాలకి నాలుగు గుర్తులు, అతన్ని అన్నింట్లోనూ చేర్చుకున్నారని చెప్పడం. గరిటను పాటెరాతో కలిపేసేవాళ్లకి ఈ ఒక్క నాణెం చాలు, రెండూ వేరువేరుగా ఎదురుగా ఉంటాయి. గరిట పేరు సింపులుమ్, నిలువు పిడి, చిన్న గుంట. మన ఉద్ధరిణి లాంటిదనుకోండి, తోడి పోయడానికి. పాటెరాకి తోడే పని లేదు.

9. తేల్చే ముందు సరిచూసుకోండి

నోట్‌బుక్కు తీసి ఈ ఐదింటికీ జవాబు రాయండి.

పిడి లేదా, లేక పొట్టేలు తల పిడా? ఎత్తు వెడల్పులో నాలుగోవంతు లోపేనా? మధ్యలో వేలు పట్టే బొడ్డు ఉందా? గుడి, బలిపీఠం, ఊట, సమాధి లాంటి చోట దొరికిందా, కూజా జతగా ఉందా? దేవత పేరుతో రాత ఉందా?

మొదటి మూడూ అవునైతే ఆకారం ఖాయం. చివరి రెండింటిలో ఒకటైనా అవునైతే పూజలో వాడారని కూడా అనొచ్చు. ఆకారం సరిపోయి చోటు తెలియకపోతే "పాటెరా ఆకారపు పాత్ర" అని మాత్రమే రాసుకోండి. అలా రాయడం చేతకానితనం కాదు, నిజాయితీ. బజారులోంచి వచ్చిన వస్తువుల్లో ఎక్కువ వాటికి అంతకు మించి చెప్పలేం.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

మొదటిది, "బలి పశువు రక్తం పట్టే పాత్ర". రోమన్ కవి వర్జిల్ ఒకచోట అలా రాశాడు, కానీ అదే దాని అసలు పని అనుకోవద్దు. శిల్పాల్లో, నాణేల మీద పాటెరాకి ఎక్కువగా కనిపించే పని పోయడం. బలికి ముందు నిప్పులో ద్రాక్షసారా, ధూపం వేసేవారు, పశువు తలమీద కూడా ద్రాక్షసారా పోసేవారు. అదంతా కత్తి పడక ముందు సంగతి.

రెండోది, పాత భవనాల గోడల మీది గుండ్రటి పువ్వు అలంకారాన్ని కూడా వాస్తు పనివాళ్లు పాటెరా అంటారు. లండన్‌లో తలుపు పైన అది చూసి రోమన్ పాత్ర అనుకోకండి, పేరు మాత్రం ఈ పళ్లెం నుంచే వచ్చింది.

మూడోది కొనడం. ఆన్‌లైన్‌లో "అసలైన రోమన్ పాటెరా" అని కనబడితే ముందు అడగాల్సింది ధర కాదు, ఎక్కడ దొరికింది, 1970కి ముందు నుంచి ఎవరి దగ్గర ఉంది, కాగితాలేవి అని. ఆ ఏడాది యునెస్కో ఒప్పందం తర్వాత దొంగ తవ్వకాల సరుకు మీద దేశాలు గట్టిగా ఉన్నాయి. జవాబు సరిగా రాకపోతే వదిలేయండి. ఆ డబ్బుతో విమానం టికెట్టు కొనుక్కుని నేపుల్స్ జాతీయ పురావస్తు మ్యూజియంలో వందల కంచు పాత్రలు కళ్లారా చూడొచ్చు.

విమానం ఎక్కకుండా చూడాలనుకునేవాళ్లకి

కొల్హాపూర్‌లోని బ్రహ్మపురి తవ్వకాల్లో రోమన్ కంచు వస్తువులు దొరికాయి, సముద్రదేవుడు పొసైడన్ చిన్న విగ్రహం, దాంతోపాటు కంచు కూజా. పళ్లెం లేదు, కానీ దాని జతగాడు ఎలా ఉంటాడో మన దేశంలోనే చూడొచ్చు.

ఇంకా దగ్గరగా కావాలంటే, నల్గొండ ప్రాంతంలోని అక్కనపల్లిలో 1,500కు పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి, వాటిలో ఎక్కువ రోమన్ చక్రవర్తులు ఆగస్టస్, టైబీరియస్ కాలపువి. ఇలా మన దేశంలో దొరికే ఆగస్టస్ వెండి నాణేల్లో ఎక్కువగా కనిపించే రకం ఒకటుంది. వెనకవైపు ఇద్దరు కుర్రాళ్లు, ఆగస్టస్ దత్తపుత్రులు గైయస్, లూసియస్, టోగాలు కట్టుకుని నిలబడి ఉంటారు. మధ్యలో రెండు డాళ్లు, ఈటెలు. వాళ్ల తలల మధ్య, పైన ఖాళీలో రెండు చిన్న గుర్తులు. ఒకటి వంకర కర్ర, ఇంకోటి సింపులుమ్ గరిట. ఏది ఏ పక్కనుందో నాణేన్ని బట్టి మారుతుంది. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం సేకరణలో రోమన్ నాణేలు ఉన్నాయి. ఈ రకం ఎదురైతే డాళ్లను పాటెరాలు అనుకోకండి, అవి నేలమీద నిలబెట్టి ఉంటాయి, చేతులు వాటి మీద ఆని ఉంటాయి. మీ కన్ను పైకి పోనివ్వండి, బియ్యపు గింజంత గరిట వెతకండి, పిడి నిలువుగా ఉందా, గుంట కిందికి ఉందా చూసి నోట్‌బుక్కులో బొమ్మ గీసుకోండి.